ఊదడమా, పీల్చడమా?

మొన్న ఎండాకాలంలో ఒకరోజు షాపు షట్టరు ఎత్తానో లేదో, పక్క ఊరి బాబాయ్ మోపెడ్ వెనక కూలర్ ఫ్యాను కట్టుకుని దిగాడు. ఒంగోలుకు దగ్గర్లో మాది మోటార్ వైండింగ్ షాపు. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే పని. కాలిన మోటారును విప్పకముందే, వాసన చూసి ఏ చుట్టు పోయిందో అంచనా వేస్తాను.

"దీనికి చుట్టు మార్చి స్పీడు పెంచాలబ్బాయ్, గాలి చాలట్లేదు" అన్నాడు.

"ఏ గదికి బాబాయ్?"

"గదికి కాదయ్యా, కట్టె గ్యాసుకి."

విషయమేమిటంటే, ఆయన పొలానికి నీళ్లు తోడే తన అయిదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్‌కు కట్టె గ్యాసు పెట్టుకోవాలని వెల్డింగ్ షాపులో ఒక ప్లాంటు చేయించుకున్నాడు. పొలం గట్టున సుబాబుల్ కావలసినంత ఉంది. డీజిల్ ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. పొయ్యి బాగానే కుదిరింది. అంటిస్తే మాత్రం గ్యాసు రాదు. మూత సందుల్లోంచి తెల్లటి పొగ వస్తుంది, కాసేపటికి అదీ చస్తుంది. ఫ్యాను చాలట్లేదని ఆయన అనుమానం. ఫ్యాను దగ్గరే లోపం ఉందన్న మాట నిజమే, కానీ స్పీడు పెంచితే తీరే లోపం కాదది.

ముందు ఈ ప్లాంటు చేసే పనేమిటో చెప్పుకుందాం. కట్టెను ధారాళంగా గాలి తగిలేలా కాలిస్తే మంట, బూడిద మిగులుతాయి. అదే కట్టెను ఒక ఇనుప పీపాలో వేసి, గాలి అరకొరగా అందిస్తే కథ మారుతుంది. కొంత కట్టె కాలి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి పుడుతుంది. ఆ వేడికి పైనున్న కట్టె ఉడికి పొగలూ ఆవిర్లూ వదిలి బొగ్గవుతుంది. ఆ పొగలూ ఆవిర్లూ కింద ఎర్రగా మండే బొగ్గుల మధ్యనుంచి దిగుతూ విరిగి, మండే గ్యాసుగా మారతాయి. అందులో కార్బన్ మోనాక్సైడ్ నూటికి ఇరవై వంతుల చుట్టూ, హైడ్రోజన్ పదిహేను నుంచి ఇరవై వంతుల దాకా, మీథేన్ కాస్త ఉంటాయి. సగం దాకా మాత్రం పనికిరాని నైట్రోజనే. కిలో ఎండుకట్టెకు రెండున్నర ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. దాన్ని చల్లబరిచి, మసి వడగట్టి ఇంజన్‌కు పెడతారు. పెట్రోలు ఇంజన్ అయితే పూర్తిగా దీనిమీదే నడుస్తుంది. డీజిల్ ఇంజన్‌కు నిప్పు అంటించడానికి కొద్దిగా డీజిల్ పడుతూనే ఉండాలి, అయినా సరిగ్గా కుదిరితే మూడొంతుల డీజిల్ దాకా ఆదా. కర్ణాటకలో తుమకూరు జిల్లా హొసహళ్లి అనే చిన్న ఊళ్లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 1988లో ఇలాంటి ప్లాంటు పెట్టి, డీజిల్ ఇంజన్‌ను దానికి కలిపి ఇళ్లకు దీపాలు వెలిగించారు.

ఇంజన్ నడుస్తున్నంత సేపు ఫ్యానుతో పని లేదు. ఇంజనే ఊపిరి పీలుస్తూ పొయ్యిలోంచి గ్యాసు లాక్కుంటుంది. ఫ్యాను కావలసింది మొదటి పది, పదిహేను నిమిషాలే. నిప్పు రాజుకుని, తొలి పొగంతా బయటికి పోయి, మండే గ్యాసు తయారయ్యేదాకా.

"డీజిల్ ఇంజన్ ఎలాగూ డీజిల్ మీద లేస్తుంది కదా, దానితోనే లాగించేస్తే పోలా?" అని బాబాయ్ అడిగాడు. చాలామంది అడిగే మాటే ఇది. తొలి పొగలో తారు విపరీతంగా ఉంటుంది. పొయ్యి ఇంకా వేడెక్కలేదు కాబట్టి ఆ తారు విరగదు, అది నేరుగా ఇంజన్ వాల్వుల మీదికి చేరి, ఇంజన్ చల్లారాక లక్కలా పట్టేస్తుంది. మర్నాడు హ్యాండిల్ తిప్పితే వాల్వు కదలదు. ఆ పొగ ఇంజన్ జోలికి రాకుండా పక్క గొట్టంలోంచి బయటికి పంపేదే ఈ ఫ్యాను. పది నిమిషాల పనే కదా అని ఏదో ఒకటి బిగిస్తే అది మొత్తం ప్లాంటునే చెడగొడుతుంది.

మా తాతయ్య బొగ్గు బస్సు మీద క్లీనరుగా పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై మన జిల్లాల్లోనూ బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచిన రోజులవి. బస్సు వెనక పీపా, దాని పక్కన చేత్తో తిప్పే ఫ్యాను. తెల్లవారుజామునే లేచి, పీపాలో బొగ్గులు నింపి, నిప్పు వేసి, ఆ హ్యాండిల్ తిప్పడం తాతయ్య పని. చిన్న గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి పెడితే మంట నిలబడాలి. నిలబడితేనే డ్రైవరుకు కేక వేసేవాడట. ఆ ఫ్యాను గురించి చెప్పేటప్పుడు ఆయన కుడిచెయ్యి దానంతటదే గుండ్రంగా తిరిగేది. యూరప్‌లో 1920ల్లోనే అల్సాస్‌కు చెందిన జార్జ్ ఇంబెర్ట్ కట్టెలతోనే నడిచే మంచి ప్లాంటు తయారుచేశాడు. యుద్ధకాలంలో ఒక్క స్వీడన్‌లోనే 70 వేలకు పైగా బండ్లు కట్టె మీద, బొగ్గు మీద నడిచాయి. అక్కడా పొద్దున్నే ఫ్యాను తిరగాల్సిందే.

తాతయ్య బస్సుకు కాల్చింది కట్టె కాదు, బొగ్గు. బొగ్గు గ్యాసులో తారు దాదాపు ఉండదు, అందుకని ఆయన ఫ్యాను శుభ్రంగా ఉండేది. మనం వాడేది పచ్చి సుబాబుల్‌ను ఎండబెట్టిన కట్టె. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు దీని అవసరం వస్తుంది.

ఇక బాబాయ్ కూలర్ ఫ్యాను దగ్గరికి వద్దాం. దాన్ని బల్లమీద పెట్టి ఆన్ చేశాను. కాగితాలు ఎగిరిపోయాయి. "చూడు, ఎంత గాలో!" అన్నాడు. అప్పుడు గోనెసంచిలో పిడికెడు పిడికెడు చెక్కముక్కలు నింపి, దాని మూతిని ఫ్యానుకు ఆనించి పట్టుకున్నాను. సంచికి అవతల వెంట్రుక కూడా కదల్లేదు. గాలంతా రెక్కల అంచుల నుంచి మా మొహం మీదికే తిరిగి వచ్చింది. పక్కనే ఉన్న కొలిమి బ్లోయర్ ఆన్ చేసి దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టమన్నాను. చేతిని తోసేసింది. దాని గాలి కూలర్ గాలిలో పదో వంతు కూడా ఉండదు. అయినా అడ్డం వస్తే తలవంచని గాలి అది.

గ్యాసు ప్లాంటుకు కావలసింది ఈ రెండో గుణమే. ఎంత గాలి విసురుతుందన్నది కాదు, ఎంత అడ్డును తోసుకుపోగలదన్నది చూడాలి. పీపాలో కట్టె, కింద బొగ్గుల మంచం, బూడిద, తర్వాత వంపులు తిరిగే గొట్టాలు, వడపోత డ్రమ్ములో రంపపు పొట్టు, వీటన్నిటిలోంచి గాలి దూరి పోవాలి. కూలర్ ఫ్యానులో, టేబుల్ ఫ్యానులో, కంప్యూటర్ పెట్టె వెనక తిరిగే ఫ్యానులో గాలి వచ్చిన దారినే నేరుగా ముందుకు పోతుంది. అడ్డు తగలగానే చేతులెత్తేస్తుంది. నత్తగుల్ల ఆకారం డబ్బాలో తిరిగే చక్రం అయితే గాలిని మధ్యలో పట్టి అంచులకు విసిరికొడుతుంది, ఆ విసురే ఒత్తిడిగా మారుతుంది. కట్టె గ్యాసుకు ఈ నత్తగుల్ల బ్లోయరే తేలికైన దారి.

ఆ అడ్డు ఎంత అన్నది కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. తాపీమేస్త్రులు మట్టం చూసుకునే పారదర్శక గొట్టం రెండు గజాలు కొనండి. దాన్ని చెక్కపలక మీద ఆంగ్ల యూ అక్షరంలా వంచి మేకులతో కట్టి, సగానికి నీళ్లు పోసి, నాలుగు చుక్కల ఎర్ర సిరా కలపండి. ఒక కొసను ప్లాంటు గొట్టానికి కలిపి రెండోది గాలికి వదిలేస్తే, ఒకవైపు నీళ్లు దిగి రెండోవైపు ఎక్కుతాయి. ఆ రెండు మట్టాల మధ్య తేడాయే మీ ఒత్తిడి. మా షాపు గోడకు అలాంటి పలక ఎప్పుడూ వేలాడుతుంటుంది. కూలర్ ఫ్యాను పెడితే నీళ్లు కదిలాయా లేదా అన్నట్టుగా కదిలాయి. తొమ్మిదంగుళాల చక్రం, నిమిషానికి 2,800 చుట్లు తిరిగే కొలిమి బ్లోయర్ 80 మిల్లీమీటర్లు చూపించింది. అంటే బెత్తెడు.

బాబాయ్ ప్లాంటుకు ఎంత కావాలి? పొయ్యికి బెత్తెడు, వడపోతకూ గొట్టాలకూ ఇంకో బెత్తెడు. మంట వెనక్కి రాకుండా బయటి గొట్టాన్ని నీళ్లలో అంగుళం ముంచుతాం, ఆ అంగుళం నీటినీ ఫ్యానే తోయాలి. మొత్తం కలిపి 185 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. కట్టెలో పొట్టూ పొడీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. 200 చూసుకుంటే దిగులుండదు.

గాలి పరిమాణం మాత్రం చాలా తక్కువే. ఆయన ఇంజన్ సిలిండరు అరలీటరు చిల్లర, నిమిషానికి 1,500 చుట్లు. రెండు చుట్లకోసారి ఊపిరి పీలుస్తుంది, పీల్చిన ప్రతిసారీ సిలిండరు పూర్తిగా నిండదు, నిండిన దాంట్లో సగం గాలి, సగం గ్యాసు. లెక్క వేస్తే నిమిషానికి 165 లీటర్ల గ్యాసు. గంటకు పది ఘనపు మీటర్లు. కూలర్ ఫ్యాను విసిరే గాలి ముందు ఇదొక లెక్కే కాదు. మొదలుపెట్టడానికి ఇందులో సగం పారినా నిప్పు రాజుకుంటుంది. కానీ పొయ్యి బాగా వేడెక్కి తారు విరగాలంటే ఇంజన్ లాగేంత జోరులోనే ఫ్యానూ లాగాలని నా అనుభవం. సన్నగా ఊదితే పొయ్యి గోరువెచ్చగా ఉండి తారే పుడుతుంది.

ఒత్తిడి చాలకపోతే చక్రం వేగం పెంచాలి. ఇక్కడ ఒక లెక్క ఉంది. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, ఒత్తిడి నాలుగింతలు, మోటారు మోయాల్సిన బరువు ఎనిమిదింతలు. నా కొలిమి బ్లోయర్‌ను బెల్టు మీద 4,000 చుట్లు తిప్పితే బెత్తెడు రెండు బెత్తెలవుతుంది, మోటారు మీద మాత్రం మూడింతల భారం పడుతుంది. అందుకే బ్లోయర్ స్పీడు పెంచమని ఎవరన్నా వస్తే ముందు మోటారు పేరుపలక చూస్తాను. పాత చక్రాలను అంత వేగంతో తిప్పేముందు వెల్డింగు గట్టిగా ఉందో లేదో, చక్రం తూకం సరిగా ఉందో లేదో చూడకపోతే ప్రమాదం. లేదంటే రెండు బ్లోయర్లను ఒకదాని నోటికి ఒకటి కలపండి, ఒత్తిళ్లు కూడతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. గాలిని పొయ్యిలోకి ఊదాలా, పొయ్యి చివరి నుంచి పీల్చాలా?

ఊదడం సుఖం. ఫ్యానులోకి వచ్చేది చల్లని, శుభ్రమైన గాలి. తారు ఉండదు, వేడి ఉండదు, ప్లాస్టిక్ రెక్కలున్నా నడుస్తుంది. గాలి కూడా గ్యాసులో ముప్పాతిక కంటే తక్కువే చాలు, ఎందుకంటే మిగతాది కట్టెలోంచే పుడుతుంది. నేను మొదట కట్టిన ప్లాంటుకు ఊదే ఫ్యానే పెట్టాను. అప్పుడు షాపు వెనక రేకుల షెడ్డులో పెట్టాం, చలికాలం, తలుపులు మూసుకున్నాం. ఊదినప్పుడు ప్లాంటంతా లోపలినుంచి ఉబ్బి ఉంటుంది. మూత దగ్గర, గొట్టాల అతుకుల దగ్గర ఎక్కడ వెంట్రుకంత సందున్నా గ్యాసు బయటికే వస్తుంది. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు మూత దగ్గరే నిలబడ్డాడు. పావుగంటకు "మేస్త్రీ, తల తిరుగుతోంది" అన్నాడు. నాకూ కణతలు కొట్టుకుంటున్నాయి. పొగ వల్లేమో అనుకున్నాను. వాడు బయటికి నాలుగడుగులు వేసి, వాంతి చేసుకుని కూలబడ్డాడు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనం పీల్చే పొగవాసన వేరే వాటిది. ఆ వాసన తగ్గిపోయి గ్యాసు 'బాగా వస్తోంది' అనుకునే వేళకే విషం ఎక్కువగా ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పీల్చే గాలిలో నూటికి ఒక వంతు దాటితే నిమిషాల్లో ప్రాణం పోతుంది, ఈ గ్యాసులో ఇరవై వంతులుంది. ఆ రోజు ఆ పిల్లవాణ్ణి వేపచెట్టు కింద పడుకోబెట్టి, ఆసుపత్రికి ఆటో కోసం చూస్తూ గడిపిన పదినిమిషాలు నేను మరచిపోలేను. వాళ్లమ్మ మొహం నాకు ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది. వాడు బాగయ్యాడు. ఆ షెడ్డును మర్నాడే విప్పించేశాను. ప్లాంటు ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరుకుతుంది, ఇంట్లో ఒక పండగ ఖర్చు తగ్గించుకునైనా అది కొనండి.

పీల్చే ఫ్యాను పెడితే ఈ గండం చాలావరకు తప్పుతుంది. ప్లాంటంతా లోపలికి లాగుతూ ఉంటుంది, సందుంటే బయటి గాలి లోపలికి పోతుందే తప్ప గ్యాసు మన ముక్కు దగ్గరికి రాదు. సందులు ఉండనివ్వచ్చని కాదు. లోపలికి చొరబడ్డ గాలి గ్యాసుతో కలిస్తే అది పేలే సరుకు. ఇంజన్ కూడా పీల్చేదే కాబట్టి, పీల్చే ఫ్యాను పెట్టిన ప్లాంటు మొదటినుంచీ ఒకే తీరున నడుస్తుంది. నా ఓటు దీనికే.

కానీ ఇప్పుడు ఫ్యానులోకి వచ్చేది గ్యాసు, అదీ తాతయ్య బొగ్గు గ్యాసు కాదు, కట్టె గ్యాసు. తారు, తేమ, మసి అన్నీ దాని రెక్కల మీదుగానే పోతాయి. పొయ్యికి ఆనుకుని పెడితే తారు వేడికి అంటదు కదా అని కొందరు అక్కడ బిగిస్తారు. మూడు వందల డిగ్రీల దగ్గర గ్యాసు పలచబడి బరువు సగమైపోతుంది, ఫ్యాను పుట్టించే ఒత్తిడీ సగమే. బేరింగు గ్రీజు కరిగి కారిపోతుంది. అందుకని చల్లబరిచి, వడపోసిన తర్వాతే ఫ్యాను ఉండాలి. అక్కడ కూడా కొంత తారు వస్తుంది. ఉడుత పంజరంలా సన్నసన్న రెక్కలున్న చక్రం అయితే నాలుగు రోజుల్లో సందులు పూడిపోతాయి, తూకం తప్పి గడగడలాడుతుంది. నిటారు రెక్కలు ఆరో ఎనిమిదో ఉన్న చక్రం అయితే మసి అంత తేలిగ్గా నిలవదు, నిలిచినా డబ్బా విప్పి కిరసనాయిలు గుడ్డతో తుడవచ్చు. అలాంటి చక్రం ఊళ్లో వెల్డింగ్ షాపులో ఎవరైనా చేస్తారు.

ఇక మోటారు. ఈ ఒక్క మాట మీదే నేను ఎవరితోనైనా పోట్లాడతాను. పాత వాక్యూమ్ క్లీనర్ మోటారు తెచ్చి గ్యాసు పీల్పించే వాళ్లున్నారు. దానికి జోరు చాలా ఎక్కువ, నీళ్లు గజం దాటి పైకి లేస్తాయి. కానీ వాటిలో చాలావాటికి పీల్చిన గాలే మోటారు లోపలినుంచి పోయి దాన్ని చల్లబరుస్తుంది. లోపల కార్బన్ బ్రష్‌ల దగ్గర ఎప్పుడూ నిప్పురవ్వలు. హైడ్రోజనూ కార్బన్ మోనాక్సైడూ కాస్త గాలితో కలిసి ఆ రవ్వల మీదుగా పోవడమంటే అగ్గిపుల్ల గీసి గొట్టంలో పెట్టినట్టే. మోటారు గ్యాసుకు పూర్తిగా బయట ఉండాలి. షాఫ్టు డబ్బాలోకి దూరే చోట గ్రాఫైట్ తాడు చుట్టి బిగించాలి. బెల్టు వేసి మోటారును మూడడుగుల దూరంలో, గాలి బాగా ఆడే చోట పెట్టగలిగితే ఇంకా మంచిది.

వాక్యూమ్ మోటారునే వాడాలనుకుంటే ఒక మార్గముంది. దాని చేత గ్యాసు కాకుండా మామూలు గాలినే ఒక సన్నటి నాజిల్‌లోంచి పెద్ద గొట్టంలోకి జోరుగా ఊదించాలి. ఆ ధార చుట్టూ ఏర్పడే లాగుడుకు గ్యాసు పక్క గొట్టంలోంచి దానంతటదే వచ్చి కలుస్తుంది. ఫ్యానుకు తారు అంటదు, రవ్వల భయం లేదు. ఆపేటప్పుడు మాత్రం ముందు గ్యాసు వాల్వు మూసి, తర్వాతే మోటారు ఆపాలి. క్రమం తప్పితే మంట గొట్టంలో వెనక్కి నడుస్తుంది.

వాల్వు మాట వచ్చింది కాబట్టి నా రెండో అనుభవం. పీల్చే ఫ్యాను బిగించిన మొదటిరోజు. పక్కగొట్టం చివర మంట నీలంగా, అంచుల్లో లేత గులాబీగా నిలబడింది. ఇంజన్‌కు దారి తీశాను, ఇంజన్ అందుకుంది. ఆ సంతోషంలో ఫ్యాను స్విచ్చి ఆపాను గానీ, ఫ్యాను గొట్టం వాల్వు మూయడం మరిచాను. అప్పటికి నీళ్ల అడ్డు కూడా పెట్టలేదు. ఇంజన్‌కు ఊపిరి కావాలి. పొయ్యిలోంచి లాగడం కష్టం, ఆగిపోయిన ఫ్యానులోంచి బయటి గాలి లాగడం సుళువు. గొట్టం చివరి మంటతో సహా లోపలికి లాగేసింది. ఢామ్మని వడపోత డ్రమ్ము మూత లేచి అవతల పడింది. ఎవరికీ ఏం కాలేదు. అప్పటినుంచి నేను కట్టే ప్రతి ప్లాంటుకూ ఫ్యాను వాల్వుకూ స్విచ్చికీ ఒకే పిడి. వాల్వు మూస్తేనే ఫ్యాను ఆగుతుంది.

బాబాయ్ పొలంలో ఇంకో చిక్కు. ప్లాంటు అంటించాల్సిన వేళకు కరెంటు ఉండదు. కరెంటు ఉంటే ఇంజనే అక్కర్లేదు కదా. నిమిషానికి 165 లీటర్లను రెండు బెత్తెల నీటి ఒత్తిడి మీద కదిలించడానికి నిజంగా పట్టే శక్తి లెక్కవేశాను. అయిదు వాట్లు కూడా లేదు. చక్రం నష్టాలు, బెల్టు నష్టాలు ఎంత వేసుకున్నా వంద వాట్లు దాటలేదు. మనిషి చేతికి కాసేపు అందే బలం అది. బస్సు ఇంజన్‌కు అవసరమైన నిప్పును తాతయ్య ఒంటిచేత్తో ఎలా రాజేశాడో నాకు ఆ రోజు కాగితం మీద కనిపించింది. ట్రాక్టరు బ్యాటరీకి పన్నెండు వోల్టుల మోటారు తగిలిస్తే పది ఆంపియర్ల లోపే. ఇరవై నిమిషాలు తిరిగినా బ్యాటరీకి అలసట తెలియదు.

కూలర్ ఫ్యాను తిరిగి మోపెడ్‌కు కట్టించాను. వారం తర్వాత వెల్డర్ చేసిచ్చిన నిటారు రెక్కల చక్రం, బెల్టు, పాత కారు మోటారు, షాపు గోడమీది నీళ్ల పలక పట్టుకుని పొలానికి వెళ్లాను. అడుగున కొబ్బరిచిప్పల బొగ్గు, పైన బాగా ఎండిన సుబాబుల్ ముక్కలు. నిప్పు పెట్టి ఫ్యాను వేశాం. ముందు పసుపుపచ్చ పొగ, తర్వాత తెల్లపొగ, అది పలచబడింది. ఎనిమిదో నిమిషానికి బాబాయ్ అగ్గిపుల్ల పెడితే భుగ్గుమని అంటుకుని ఆరిపోయింది. పన్నెండో నిమిషానికి నిలబడింది. ఇంజన్ డీజిల్ మీద తిరుగుతోంది. గ్యాసు వాల్వు నెమ్మదిగా తెరిచాను.

"మూశావా బాబాయ్?"

"మూశానబ్బాయ్."

ఫ్యాను ఆగింది. ఇంజన్ వేగాన్ని పట్టి ఉంచే గవర్నరు డీజిల్ తగ్గిస్తుంటే ఇంజన్ మోత మెత్తబడింది. పలక మీద ఎర్రనీళ్లు రెండు బెత్తెల నుంచి దిగి, బెత్తెడున్నర దగ్గర ఊగుతూ నిలబడ్డాయి. కాలవలోకి నీళ్లు వచ్చాయి.